పన్నెండు కిలోమీటర్ల ఉరుము

ఉరుము వినబడితే అందరూ ఇళ్ళలోకి వెళ్తారు. మేము మాత్రం బయటికి పరిగెత్తేవాళ్ళం.

మాది లాండ్రీ. రెండు ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో వేసుకునే ఆకుపచ్చ గౌన్లు రోజూ పొద్దున్నే వ్యానులో మూటలుగా మా షెడ్డుకి వస్తాయి. ఉతకడానికి పెద్ద మిషన్లు రెండున్నాయి గానీ ఆరబెట్టడానికి మిషను లేదు. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో నాన్న ఇనుప స్తంభాలు పాతి, వాటి మధ్య తీగలు లాగి, పదకొండు వరసల దండేలు కట్టాడు. ఎండ బాగా కాసిన రోజు షెడ్డు తలుపు దగ్గర నిలబడి చూస్తే చివరి వరసలో ఉన్న మనిషి కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. మిగతాదంతా తెలుపే.

మబ్బు పట్టిందంటే ఆ తెలుపంతా మాకు గుండెల మీద కుంపటే. వాన నీళ్ళు కారితే తీగకున్న తుప్పు ఆరిన దుప్పటికి అంటుకుంటుంది. ఆసుపత్రి వాళ్ళు ఆ మరకని రక్తమనుకుని మూటకి మూట వెనక్కి పంపేస్తారు. అందుకని మొదటి ఉరుము వినగానే నాన్న, అమ్మ, ఇస్త్రీ మామ బుట్టలు పట్టుకుని దండేల మధ్యకి పరుగు తీసేవాళ్ళు. ఇస్త్రీ మామ మాకు చుట్టమేమీ కాదు. పదిహేనేళ్ళుగా మా షెడ్డులో ఇస్త్రీ చేస్తున్నాడు కాబట్టి అందరికీ మామే.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా బడిలో సైన్సు టీచరు మెరుపుల గురించి చెప్పారు. పొడిగా ఆరిన నైలాను గుడ్డని ఇంకో గుడ్డ మీంచి లాగితే చిటపటమంటుంది కదా, మబ్బులో జరిగేది కూడా అలాంటిదే అన్నారు. ఆ మాట తరగతిలో అందరికంటే నాకే బాగా అర్థమైంది, ఎందుకంటే ఆ చిటపట నేను రోజూ వింటాను. పెద్ద మబ్బు లోపల గాలి సుడులు తిరుగుతుంటే సన్నటి మంచు పలుకులూ బరువైన వడగళ్ళూ రాసుకుంటాయట. పలుకులు ధన విద్యుత్తు మోసుకుని పైకి పోతాయి, వడగళ్ళు రుణ విద్యుత్తుతో కిందనే ఉండిపోతాయి. అలా పోగుపడి పోగుపడి, ఇక పట్టలేనంత అయ్యాక గాలిని చీల్చుకుని దారి చేసుకుంటుంది. నేల మీదికి దూకితే దాన్ని పిడుగంటాం. ఆ దారిలో ఉన్న గాలి రెప్పపాటులో సూర్యుడి పైభాగం కంటే ఐదు రెట్లు వేడెక్కి, ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఆ పేలుడే ఉరుము. వెలుగు వెంటనే వచ్చేస్తుంది, చప్పుడు మాత్రం వెనకబడి వస్తుంది. కిలోమీటరు దూరం రావడానికి దానికి మూడు సెకన్లు పడుతుంది. మెరిశాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, అప్పుడు ఆరుబయట ఉండకూడదు అని చెప్పారు.

ఇంటికొచ్చి ఇదంతా అమ్మకి చెప్పాను. నేను చెప్పేది ఎప్పుడూ అమ్మకే వినబడుతుంది. నా గొంతు అంతే. బడిలో హాజరు పలికినా టీచరు రెండోసారి పిలుస్తారు. ఇస్త్రీ మామ నాకు పిల్లి అని పేరు పెట్టాడు. వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదని.

అమ్మ నాన్నకి చెప్పింది. నాన్న ఆలోచించి, సబ్బుపొడి వచ్చిన పాత రేకు డబ్బా ఒకటి తెచ్చి, దానికి తాడు కట్టి షెడ్డు తలుపుకి వేలాడదీశాడు. మబ్బు పట్టిన రోజు నేను లోపల గడప దగ్గర కూర్చుని లెక్కపెట్టాలి. లెక్క ముప్పై లోపు వచ్చిందా, డబ్బా మోగించాలి. మోగిందంటే చేతిలో ఏముంటే అది వదిలేసి అందరూ లోపలికి రావాలి. మూడేళ్ళు అలాగే నడిచింది. దుప్పట్లు తడిసిన రోజులున్నాయి, నాన్న తల పట్టుకున్న రోజులున్నాయి, కానీ డబ్బా మోగాక బయట నిలబడ్డవాళ్ళు లేరు. నా మాట వినని మనుషులు నా డబ్బా విని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ, వానాకాలం ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూసేదాన్ని.

ఈ ఏడు వానాకాలం కంటే ముందు అక్క వచ్చింది.

అక్క అంటే మా పిన్ని కూతురు. నాకంటే ఏడాది పెద్ద. పిన్నికి దూరపు ఊళ్ళో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. వాళ్ళిచ్చే గదిలో ఒక్క మంచమే పడుతుంది. పెద్ద గది ఇచ్చేదాకా అక్క మా ఇంట్లో ఉండాలని మాట్లాడుకున్నారు. రెండు సంచులు, ఒక దిండుతో దిగింది. దిగిన గంటలోనే ఇస్త్రీ మామ పేరేమిటో, ఆయన మోకాలు ఎందుకు నొప్పో, ఇస్త్రీ పెట్టె ఏ వేడిలో గలీబు మాడిపోతుందో అన్నీ తెలుసుకుంది. నేను పదిహేనేళ్ళలో ఆయన్ని మోకాలి సంగతి ఒక్కసారీ అడగలేదు.

అక్క గొంతు గేటు దాకా వినబడేది. వారం తిరక్కుండా మామ అక్కకి మైకు అని పేరు పెట్టాడు. పిల్లి, మైకు. రెండు పేర్లూ కలిపి పిలిచినప్పుడల్లా షెడ్డంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే తెలిసిపోతుంది కదా.

అమ్మ నవ్వడం నాకు మరీ కష్టంగా ఉండేది. మా అమ్మ పనిలో నవ్వదు. అక్క దుప్పటి కప్పుకుని ఆసుపత్రి డాక్టరులా నడుస్తూ, "ఈ పేషెంటుకి వెంటనే ఇస్త్రీ చేయాలి, లేకపోతే ముడతలు పోవు" అంటే అమ్మ మడతబల్ల పట్టుకుని కళ్ళనీళ్ళు తుడుచుకునేంత నవ్వింది. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాశాను. 'అమ్మకి అన్ని పళ్ళున్నాయని ఇవాళ తెలిసింది.'

మొదటి వానలప్పుడు ఒక సాయంత్రం గాలి బాగా వీచింది. లెక్క ఇరవై ఎనిమిది వచ్చింది, నేను డబ్బా మోగించాను. దుప్పట్ల చప్పుడులో పదకొండో వరస దగ్గరున్న నాన్నకి అది వినబడలేదు. నేను ఇంకా గట్టిగా కొట్టాను. నా పక్కన నిలబడ్డ అక్క నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "పెదనాన్నా, వచ్చెయ్" అని ఒక్క కేక వేసింది. నాన్న వచ్చేశాడు. లోపలికి వచ్చి తల తుడుచుకుంటూ, "ఇకనుంచి లెక్క మైకు చేతికిద్దాం. పిల్లీ, నువ్వు అమ్మ పక్కన మడతలు చూసుకో" అన్నాడు. అంతే. మూడేళ్ళ పని మూడు ముక్కల్లో పోయింది. తలుపుకి అడ్డమొస్తోందని మర్నాడు మామ డబ్బా విప్పేసి అందులో క్లిప్పులు పోసుకున్నాడు.

లెక్క ఎలా పెట్టాలో అక్క నన్నే అడిగింది. మెరిశాక ఒక్కో సెకనుకి ఒక్కో అంకె అని చెప్పాను. ఎంత లోపైతే ప్రమాదం అంది. పది కిలోమీటర్లు అన్నాను. తను తలూపి వెళ్ళిపోయింది. మధ్యలో మూడుతో భాగించాలని నేను చెప్పలేదు. అప్పుడు కావాలని దాచింది కాదు. తను అడిగే పద్ధతి అలా ఉండేది. సగం వినగానే మొత్తం తెలిసిపోయినట్టు వెళ్ళిపోతుంది.

ఆ తర్వాత వచ్చిన మబ్బుకి గడప దగ్గర నిలబడి లెక్కపెట్టి, "ఇరవై రెండు కిలోమీటర్లు" అని అరిచింది. నా చేతిలో గలీబు అలాగే ఆగిపోయింది. అది ఇరవై రెండు సెకన్లు. ఏడు కిలోమీటర్లు. నా లెక్కలో అయితే డబ్బా మోగి ఉండాలి.

బయట ఎవరూ కదల్లేదు. పది కిలోమీటర్లు దాటి ఉంది కదా అని నింపాదిగా దుప్పట్లు తీసుకున్నారు. మామకి ఈ కొత్త పద్ధతి ఎంతో నచ్చింది. ముప్పై, ఇరవై అంటే ఏం తెలుస్తుంది, కిలోమీటర్లంటే మనిషికి కళ్ళకి కట్టినట్టుంటుంది అన్నాడు. ఆ రోజు పిడుగు ఎక్కడో పడింది, వాన ఆలస్యంగా వచ్చింది, పదకొండు వరసలూ పొడిగా లోపలికి చేరాయి. రాత్రి భోజనాల దగ్గర నాన్న అక్క వీపు తట్టి, మైకు వచ్చాక ఒక్క దుప్పటి తడవలేదని మెచ్చుకున్నాడు. మూడేళ్ళలో నా వీపు ఒక్కసారి తట్టలేదు. నాన్న తట్టే మనిషి కాదనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆ రాత్రి పడుకోబోయే ముందు అక్క నా వైపు తిరిగి, "చెల్లీ, నేను లెక్క సరిగ్గానే చెప్తున్నానా?" అని అడిగింది. తనకి తెలిసింది తప్పేమోనని ఎప్పుడూ అనుకోని మనిషి అడిగింది. గొంతు కూడా మైకులా లేదు.

నేను "ఊఁ" అన్నాను.

ఆ ఒక్క ఊఁ వెనక నా లెక్క నాకుంది. ఏదో ఒకరోజు తను కిలోమీటర్లు కిలోమీటర్లు అంటూ ఉండగానే వాన ముంచుకొస్తుంది, పదకొండు వరసలూ తడుస్తాయి, నాన్న నన్ను పిలిచి మళ్ళీ నువ్వే చూడు అంటాడు. వాన వరకే ఆలోచించాను. ఇంత చదివీ, మంచు పలుకులు, వడగళ్ళు అన్నీ తెలిసీ, నేను భయపడింది, ఆశపడింది కూడా తుప్పు మరకల గురించే.

ఇంకో రెండుసార్లు మబ్బు పట్టింది. డైరీలో రాసుకున్నాను. 'పద్దెనిమిది అంది. ఆరు. నేను మాట్లాడలేదు.' 'పదిహేను అంది. ఐదు. మాట్లాడలేదు. వాన కూడా రాలేదు.' రెండోది రాసినప్పుడు వానమీద కోపమొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మూడయి ఉంటుంది. తూర్పున ఎండ కాస్తూనే ఉంది, పడమట మబ్బు మాత్రం మసిగుడ్డలా లేచింది. ఆసుపత్రిలో ఏదో పెద్ద ప్రమాదం తాలూకు మనుషులు చేరారట, మామూలుకి రెట్టింపు దుప్పట్లు వచ్చాయి. పదకొండు వరసలూ నిండిపోయి, తీగలు కిందికి వంగి ఉన్నాయి. నాన్న నాలుగో వరసలో, మామ రెండో వరసలో, అమ్మ పదకొండో వరసలో ఉన్నారు. నేను తలుపు లోపల బల్ల దగ్గర, అక్క గడప మీద.

మెరిసింది. అక్క పెదాలు కదులుతున్నాయి. నేనూ లోపల లెక్కపెట్టుకున్నాను. అలవాటు పోదు కదా. పన్నెండు దగ్గర ఉరిమింది.

"పన్నెండు కిలోమీటర్లు. ఇంకా టైముంది" అని అరిచింది అక్క.

నాలుగు కిలోమీటర్లు. తర్వాతి పిడుగు నాలుగు కిలోమీటర్ల ఇవతల పడటానికి ఎవరినీ అడగదు. దుప్పట్ల సందులోంచి అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి. మునివేళ్ళ మీద నిలబడి, ఒక చేత్తో తీగ పట్టుకుని, ఇంకో చేత్తో క్లిప్పులు తీస్తోంది. తడి నేల, ఇనుప తీగ, ఇనుప స్తంభం, మధ్యలో మా అమ్మ.

"అమ్మా, వచ్చెయ్" అన్నాను. నా మాట రెండో వరస కూడా దాటలేదు. అక్కడున్న మామకి వినబడినట్టుంది, "ఏంటో, పిల్లి మాట్లాడుతోంది" అని నవ్వాడు.

అప్పుడు అరిచాను. ఏం అరిచానో నాకు సరిగ్గా గుర్తులేదు. మూడుతో భాగించాలని, అది నాలుగేనని, తీగ వదలమని అరిచానని తర్వాత చెప్పారు. నాన్న బుట్ట అక్కడే పడేసి, అమ్మని పిలుస్తూ షెడ్డు వైపు వచ్చాడు. మామ కుంటుకుంటూ వచ్చాడు. అమ్మ తీగ వదిలింది. దుప్పటి భుజాన వేసుకుని పదో వరస కింది నుంచి వంగి ఇవతలికి వచ్చింది. తొమ్మిదో వరస కూడా దాటింది.

వెలుగు ఒకవైపు నుంచి రాలేదు. అన్ని వైపులా ఉంది. చప్పుడు కోసం లెక్కపెట్టే పని లేకపోయింది, రెండూ ఒకటే. కళ్ళు తెరిచేసరికి చివరి స్తంభం పొగలు కక్కుతోంది, పదకొండో వరస తీగ తెగి నేల మీద పడి ఉంది, దాని దుప్పట్లకి గోధుమరంగు చారలు పడ్డాయి. అమ్మ బోర్లా పడి ఉంది.

నాన్న పరిగెత్తబోతే మామ గట్టిగా పట్టుకున్నాడు. ముట్టుకోవద్దు, ఒంట్లో కరెంటు ఉంటుంది, నువ్వూ పోతావ్ అంటున్నాడు. ఉండదు. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగలదు, వెంటనే పట్టుకోవచ్చు, ఊపిరి చూడవచ్చు అని టీచరు చెప్పారు. ఆ సంగతి అక్కడున్న వాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. తెలిసిన నేను బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాను. తెలియని అక్క వెళ్ళిపోయింది. ముట్టుకుంటే చచ్చిపోతానని నమ్ముతూనే వెళ్ళి, అమ్మ రెండు చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చింది.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. మా అమ్మ బతికుందో లేదో తెలియని ఆ క్షణంలో నా మనసులో మొదట వచ్చిన మాట 'ఇక్కడ కూడా తనే ముందు' అని.

అమ్మ బతికే ఉంది. ఊపిరి ఆడుతోంది, కళ్ళు తెరిచింది, కానీ మేమేమంటున్నామో వినబడడం లేదని చెవి చూపించింది. వ్యానులో, ఆ ఆసుపత్రి మూటల మధ్యే, ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళాం. పిడుగు నేరుగా అమ్మ మీద పడలేదు, స్తంభంలోంచి నేలలోకి దిగి నేల వెంట పాకి వచ్చిందని డాక్టరు చెప్పింది. తీగ మీద చెయ్యి ఉండగా పడి ఉంటే తను చూసే పని ఉండేది కాదంది. ఎడమ చెవి పొర చిరిగింది. కుడి చెయ్యి కొన్నాళ్ళు మొద్దుబారి ఉంటుంది. గుండె సరిగ్గా కొట్టుకుంటోందో లేదో చూడటానికి ఒక రాత్రి ఉంచుకున్నారు.

మర్నాడు అమ్మ ఇంటికి వచ్చేసరికి నేను ఆ వీధికంతా పెద్ద మనిషినైపోయాను. పిల్లి అరవబట్టి తల్లి బతికిందని మామ గేటు దగ్గర వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాడు. నాన్న నా వీపు తట్టాడు. రెండుసార్లు. ఎన్నాళ్ళో కావాలనుకున్న చెయ్యి అది. అప్పుడు మాత్రం వీపు మీద బొబ్బలున్నట్టు అనిపించింది.

అక్కని ఎవరూ తిట్టలేదు. నాన్న మామూలు గొంతుతోనే, ఒక్కో అంకె ఒక్కో కిలోమీటరని ఎవరు చెప్పారు నీకు అని అడిగాడు. తను నా వైపు చూసింది. ఆ రాత్రి తను అడిగిన మాట, నేనన్న ఊఁ, రెండూ ఆ చూపులో ఉన్నాయి. చెప్పేస్తుందనుకున్నాను.

"నేనే అనుకున్నా పెదనాన్నా" అంది.

 నాన్న, గది చిన్నదైనా సరే పిన్నికి ఫోను చేసి తీసుకెళ్ళమంటాను, రేపు ఏదైనా జరిగితే ఆమెకి జవాబు చెప్పలేను అన్నాడు. అక్క సరేనని తలూపింది. ఏడవలేదు. పళ్ళెం తీసి కడిగి, బోర్లించి, గదిలోకి వెళ్ళింది. సంచి జిప్పు లాగుతున్న చప్పుడు వినబడింది.

నేను కోరుకున్నది అదే. గడప నాది అయిపోతుంది. అమ్మ నవ్వు సంగతి తర్వాత, కనీసం ఇంకొకరి కోసం నవ్వదు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం నాకు చేతనైనంత బాగా ఎవరికీ చేతకాదు.

నాన్న ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"నాన్నా, నాకు ముందే తెలుసు" అన్నాను.

వినబడలేదు. మళ్ళీ అన్నాను. నాకు మూడు వారాలుగా తెలుసని, తను అడిగితే సరిగ్గానే ఉందన్నానని, లెక్క మళ్ళీ నాకివ్వాలని అలా అన్నానని మొత్తం చెప్పాను. డైరీ తెచ్చి ఆ పేజీలు కూడా చూపించాను. నాన్నకి చదవడం నిదానం. 'వాన కూడా రాలేదు' అన్న చోట వేలు చాలాసేపు ఆగింది. డైరీ మూసి నా చేతికిచ్చి, లేచి దండేల వైపు వెళ్ళిపోయాడు. కాలిన స్తంభం దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. కొట్టినా బాగుండేది.

సాయంత్రం సైన్సు టీచరు అమ్మని చూడటానికి వచ్చారు. మేం లెక్కపెట్టే పద్ధతి మొత్తం మామ ఆమెకి చెప్పాడు. డబ్బా రోజుల నుంచీ. ఆమె నన్ను తిట్టలేదు, అక్కనీ తిట్టలేదు. నాన్నతో ఇలా అన్నారు.

"లోపలికి ఎప్పుడు వెళ్ళాలో తెలియడానికి నేను అది చెప్పానండీ. మీరు దాన్ని బయట ఎంతసేపు ఉండొచ్చో తెలుసుకోవడానికి వాడుకున్నారు."

ఉరుము చెవిన పడిందంటేనే పిడుగు మన దాకా రాగలిగిన దూరంలో ఉన్నట్టు, ఇక లెక్కలతో పనిలేదు, గోడలూ కప్పూ ఉన్న చోటికి రావాలి, తలుపులు వేసిన వ్యానైనా ఫరవాలేదు గానీ చెట్టు కింద మాత్రం వద్దు అని చెప్పారు. లోపలికి వచ్చాక కూడా కుళాయి, ఉతికే మిషన్లు, ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దన్నారు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎవరూ కదలొద్దన్నారు. ఎండ వచ్చేసినా సరేనా అని మామ అడిగాడు. వచ్చేసినా సరే అన్నారు.

ఆమె వెళ్ళాక నాన్న అందరినీ పిలిచి, ఇక ఈ ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు అన్నాడు. మబ్బు లేస్తుంటేనే దుప్పట్లు తీసేయాలి. ఉరుము వినబడితే తీసినవి తీసినట్టు, మిగిలినవి మిగిలినట్టు. తడిస్తే మళ్ళీ ఉతుకుదాం, ఆసుపత్రి వాళ్ళతో నేను మాట్లాడతాను అన్నాడు. పిన్నికి ఫోను చేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నా వైపు కూడా చూడలేదు. లెక్కపెట్టే పని నాకూ లేదు, అక్కకీ లేదు, అసలు పనే లేదు.

మర్నాడు అమ్మ బదులు అక్కా నేనూ దుప్పట్లు మడత పెట్టాం. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో అంచూ పట్టుకుని దూరంగా నిలబడాలి, విదిలించాలి, దగ్గరికి నడిచి కొసలు కలపాలి. పది దుప్పట్లు అలా మడిచాం. పదకొండోదానికి నేనే అడిగాను, నాన్నకి ఎందుకు చెప్పలేదని. తను మంచిది కాబట్టి అని జవాబొస్తుందని ముందే మనసులో కుళ్ళుకుంటున్నాను. ఆ మంచితనం కూడా తనకే ఉండాలా అని.

"చెప్తే ఏమవుతుంది? నువ్వు అబద్ధమాడావని తిడతారు. సాయంత్రానికి మర్చిపోతారు. నిన్ను ఎక్కడికీ పంపరు కదా. నన్నే పంపుతారు, చాడీలు చెప్పేదని కూడా అంటారు" అంది.

నేను దగ్గరికి నడిచి నా కొసలు తన కొసలకి కలిపాను.

"నీకు ఇల్లుంది. నాకు గొంతుంది. ఏదో ఒకటి చేసి అందరినీ నవ్వించకపోతే అన్నం పెట్టించుకోవడానికి నాకే ఎలాగో ఉంటుంది" అంది.

"కోపం రాలేదా నా మీద?"

"వచ్చింది. ఇంకా ఉంది. కొస జారుతోంది, సరిగ్గా పట్టుకో."

గురువారం మళ్ళీ మబ్బు లేచింది. ఆరు వరసలు తీసేసరికి ఉరిమింది. నాన్న ఏడో వరస వైపు ఒక్కసారి చూసి, బుట్ట ఎత్తుకుని లోపలికి వచ్చాడు. మిషన్లు ఆపేశారు, మామ ఇస్త్రీ పెట్టె వైరు తీసేశాడు. అందరం మడతల గదిలో కిటికీకి, కుళాయికి దూరంగా మూటల మీద కూర్చున్నాం. కాసేపటికి వాన దిగింది. ఐదు వరసల దుప్పట్లు తడిసి బరువెక్కి నేలకి తగులుతున్నాయి. మామ గడియారం బల్ల మీద పెట్టుకుని, ఉరిమినప్పుడల్లా అరగంట మళ్ళీ మొదలు అని విసుక్కుంటున్నాడు. ఇలా అయితే మనం పండగలాగా రేపటిదాకా ఇక్కడే కూర్చోవాలన్నాడు.

అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. కుడి పక్కన, వినబడే చెవి వైపు, అక్క కూర్చుని డాక్టరమ్మ అమ్మ చెవిలోకి లైటు వేసి చూసిన తీరు చేసి చూపిస్తోంది. లోపల దుప్పట్లేమైనా ఉన్నాయా అని వెతికిందట. అమ్మ నవ్వుతోంది. నాకు ఎడమ పక్క దొరికింది. అటు నుంచి నేనేం చెప్పినా అమ్మకి అందదు. నాన్న నాతో నాలుగు రోజులుగా అవసరానికి మించి మాట్లాడలేదు. అమ్మకి అన్నీ తెలుసు. డైరీ సంగతి కూడా నాన్నే చెప్పాడు. కానీ నేను చెప్పలేదు. కడుపులో మళ్ళీ అదే పాత మంట లేచింది, ఏమాత్రం తగ్గలేదు. తగ్గిపోతుందనుకున్నాను. అంతా ఒప్పేసుకుంటే పోయే జబ్బనుకున్నాను.

లేచి అవతలికి వెళ్ళాను.

"జరుగు అక్కా. నేను అమ్మతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

మామ కూడా తల తిప్పి చూసేంత గట్టిగా వచ్చింది. అక్క ఒక్క క్షణం నన్ను చూసి, మూట మీద పక్కకి జరిగింది. పూర్తిగా లేవలేదు. నాకు సగం చోటే ఇచ్చింది. ఆ సగంలో కూర్చుని, అమ్మ కుడి చెవి దగ్గరికి వంగాను.